కోచే ఇంజెక్షన్ వేయించుకోమంటే ఎవరికి చెప్పుకోవాలి?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. మాది ప్రకాశం జిల్లా. 800 మీటర్లు పరిగెడతాను. వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేట్ క్యాంపులో ఉండి ప్రాక్టీస్ చేస్తున్నాను. నా రూమ్‌మేట్‌కి 17 ఏళ్లు. వారానికి రెండుసార్లు తనకి ఇంజెక్షన్ ఇస్తున్నారు. బి12 అని చెప్పారట, కానీ సీసా మీద లేబుల్ చించేసి ఉంటుంది. తన టైమింగ్ ఒక్కసారిగా బాగుపడింది. గొంతు కూడా మారింది. మొన్న ఒక మీట్‌కి నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లు వచ్చారని తెలియగానే మా క్యాంపు వాళ్లు నలుగురు కాలు పట్టేసిందని చెప్పి పరిగెత్తకుండానే వెళ్లిపోయారు. ఇప్పుడు కోచ్ సార్ నన్ను కూడా 'రికవరీ కోసం' ఇంజెక్షన్ వేయించుకోమంటున్నారు, సెలైన్ పెట్టించుకోమంటున్నారు. నాడాకి చెబుదామంటే సీనియర్లు నవ్వుతున్నారు. 'రష్యాలో దేశమే దగ్గరుండి దాచింది. కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్తావ్? సాయంత్రానికల్లా నీ పేరు సార్‌కి తెలిసిపోద్ది' అంటున్నారు. ఇది నిజమేనా? నేను చెబితే ఎవరైనా పట్టించుకుంటారా? ఇంట్లో ఇంకా చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
(పేరు రాయొద్దన్న పాఠకురాలు)

సమాధానం: అమ్మా, రష్యా సంగతి తర్వాత చెబుతాను. ముందు నీ ఒంటి సంగతి తేలాలి. ఆ ఇంజెక్షన్ వేయించుకోవద్దు. సెలైన్ కూడా పెట్టించుకోవద్దు.

సెలైన్‌లో ఉప్పునీళ్లే కదా, ఏమవుతుంది అని అంటారు. మనవైపు నీరసంగా ఉంటే చాలు, ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి ఒక బాటిల్ ఎక్కించుకునే అలవాటు ఇంటింటా ఉంది కాబట్టి నీకూ అది మామూలుగానే అనిపించవచ్చు. కానీ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిబంధనల ప్రకారం 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరంలోకి ఏది ఎక్కించినా తప్పే. అందులో ఏ మందూ కలపకపోయినా, ఉత్త గ్లూకోజ్ అయినా తప్పే. ఆసుపత్రిలో చికిత్స కోసమో, ఆపరేషన్ కోసమో, ఏదైనా పరీక్షలో భాగంగానో ఎక్కిస్తే తప్ప మినహాయింపు లేదు. మామూలు సెలైన్ బాటిల్ 500 మిల్లీలీటర్లు ఉంటుంది. అంటే క్యాంపు గదిలో గోడకి మేకు కొట్టి వేలాడదీసిన ఆ ఒక్క బాటిల్‌తోనే నువ్వు డోపింగ్ చేసినట్టు లెక్క. రక్తాన్ని పలచబరచడానికి, ఒంట్లో ఉన్న మందు ఆనవాళ్లను చెరపడానికి ఇదే వాడతారు. అందుకే అంత కఠినంగా పెట్టారు.

బి12 నిషేధం కాదు. మరి అది నిజంగా బి12 అయితే లేబుల్ ఎందుకు చించుతారు? మందుల షాపులో దొరికే విటమిన్ సీసాకి ఎవరూ ముసుగు వేయరు. నీ రూమ్‌మేట్ గొంతు మారిందని రాశావు. నేను డాక్టర్‌ని కాను, ఆమె ఒంట్లో ఏముందో ఇక్కడ కూర్చుని చెప్పలేను, నువ్వూ చెప్పలేవు. కానీ ఆడపిల్లలకు మగ హార్మోన్ లాంటి స్టెరాయిడ్లు ఇస్తే గొంతు బరువెక్కుతుంది, నెలసరి తప్పుతుంది, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. మందు ఆపాక కొన్ని తగ్గుతాయి. గొంతు మాత్రం చాలామందికి తిరిగి రాదు. తను ఒక లేడీ డాక్టర్‌కి చూపించుకోవాలి, అదీ క్యాంపుకి సంబంధం లేని డాక్టర్‌కి. ఇది నాడా, పతకాలు, పోటీలు అన్నిటికంటే ముందు జరగాలి.

రెండోది, ఈ రాత్రే మీ నాన్నకి ఫోన్ చెయ్. 'నాన్న బాధపడతాడు' అని దాచిపెడుతున్నావని నాకు తెలుసు. కానీ రేపు నువ్వు కోచ్‌కి వద్దని చెప్పిన మరుక్షణం నిన్ను సామాన్లు సర్దుకోమనవచ్చు. ఆ మాట మీ నాన్న మొదట కోచ్ నోటినుంచి వినకూడదు. 'మీ అమ్మాయికి క్రమశిక్షణ లేదు' అని అప్పటికే ఒక కథ తయారుగా ఉంటుంది.

ఇప్పుడు మీ సీనియర్ల మాట. అందులో సగం నిజం ఉంది. ఆ నిజం ఎలా బయటపడిందో కూడా వాళ్లు చెప్పి ఉంటే నువ్వు ఇంత భయపడేదానివి కాదు.

రష్యాలో కంచే చేను మేసింది, అందులో సందేహం లేదు. 2014లో సోచి నగరంలో వింటర్ ఒలింపిక్స్ జరిగినప్పుడు శాంపిళ్లు పరీక్షించే ల్యాబ్ గోడకి ఒక చిన్న కన్నం పెట్టారు. రాత్రిపూట రష్యా క్రీడాకారుల మూత్రం సీసాలను ఆ కన్నంలోంచి పక్క గదిలోకి, అక్కడినుంచి గూఢచారి సంస్థ ఎఫ్ఎస్‌బీ మనుషుల చేతికి పంపేవారు. ఎవరూ తెరవలేరని పేరున్న ఆ మూతలను వాళ్లు తెరిచారు. మందు ఉన్న మూత్రం పారబోసి, నెలల ముందే తీసి ఫ్రీజర్‌లో దాచిన శుభ్రమైన మూత్రం పోశారు. సాంద్రత సరిపోవడానికి ఉప్పు కలిపారు. తెల్లారేసరికి సీసాలు మళ్లీ వాటి చోట ఉండేవి.

ఎలా దొరికారో చూడు. 2016లో కెనడా న్యాయ నిపుణుడు రిచర్డ్ మెక్‌లారెన్ బృందం ఆ సీసాలను మళ్లీ తెప్పించి చూసింది. మూతల లోపలి వైపు సన్నటి గీతలు కనిపించాయి. కొన్ని శాంపిళ్లలో మనిషి ఒంట్లో ఉండటానికి వీల్లేనంత ఉప్పు ఉంది. ఇద్దరు మహిళా ఐస్ హాకీ క్రీడాకారిణుల సీసాల్లో మగవాళ్ల డీఎన్ఏ ఉంది. మొత్తం 30కి పైగా క్రీడల్లో 1,000 మందికి పైగా క్రీడాకారులకు ఈ దాపరికంతో సంబంధం ఉందని ఆ నివేదిక తేల్చింది. ఒక దేశపు క్రీడాశాఖ, ల్యాబ్, గూఢచారి సంస్థ కలిసి చేసిన పని కూడా దాగలేదు.

కానీ దీన్ని మొదట కదిపింది మెక్‌లారెన్ కాదు. నీలాగే 800 మీటర్లు పరిగెత్తే ఒక అమ్మాయి, ఆమె భర్త. యూలియా స్టెపనోవా రష్యా జట్టులో ఉండేది, తనూ మందులు వాడింది. ఆమె భర్త విటాలీ స్టెపనోవ్ రష్యా డోపింగ్ నిరోధక సంస్థ రుసాడాలో ఉద్యోగి. ఒకరు కంచెలో భాగం, ఒకరు చేనులో భాగం. విటాలీ 2010 నుంచే వాడాకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. అప్పట్లో వాడాకి సొంతంగా విచారణ చేసే అధికారం లేదు. ఒక దేశం మీద ఫిర్యాదు వస్తే దాన్ని ఆ దేశపు సంస్థకే పంపాల్సిన పరిస్థితి. మీ సీనియర్లు ఏది జరుగుతుందని భయపెడుతున్నారో అప్పుడు సరిగ్గా అదే జరిగేది. ఆ అధికారం 2015 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన వాడా కొత్త కోడ్‌తోనే, అంటే కొత్త నిబంధనావళితోనే వచ్చింది. 2013లో యూలియాకి నిషేధం పడ్డాక ఆమె కోచ్‌లతో, తోటి క్రీడాకారిణులతో మాట్లాడిన మాటలు రహస్యంగా రికార్డ్ చేసింది. 2014 డిసెంబర్‌లో జర్మనీ టీవీ ఏఆర్‌డీ వాటిని ప్రసారం చేసింది. అలా మందుల గురించి మాట్లాడుతూ దొరికినవాళ్లలో మరియా సావినోవా ఒకరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మీ 800 మీటర్ల స్వర్ణం ఆమెదే. 2017లో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

వాళ్లకి మేలు మాత్రమే జరిగిందని నేను చెప్పను. ఆ దంపతులు పసిబిడ్డతో దేశం వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. యూలియా 2016 రియో ఒలింపిక్స్‌కి తటస్థ క్రీడాకారిణిగా వెళ్లాలనుకుంటే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఒప్పుకోలేదు. ఇంత నిజం చెప్పిన మనిషికి అది చాలా అన్యాయమని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అందుకే నిన్ను రహస్య రికార్డింగులు చేయమని, ఎవరితోనో తలపడమని చెప్పడం లేదు. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, వాళ్లకి లేని దారులు నీకు ఉన్నాయి. వాటి దగ్గరికే వస్తున్నాను.

దానికి ముందు రష్యా కథలో ఇంకొక ముక్క చెప్పాలి. మన దేశం గురించి నువ్వు అడిగినదానికి జవాబు అందులోనే ఉంది. 'మేం పూర్తిగా సహకరిస్తాం' అని ప్రతి దేశమూ అంటుంది. రష్యా కూడా అంది. 2014 చివర్లో వాడా మాస్కో ల్యాబ్‌కి శాంపిళ్లు భద్రంగా ఉంచండని రాతపూర్వకంగా చెప్పింది. వాడా బృందం వచ్చే కొద్ది రోజుల ముందు ల్యాబ్ డైరెక్టర్ గ్రిగరీ రోద్చెంకోవ్ 1,417 శాంపిళ్లు పారబోయించాడు. (ఆ రోద్చెంకోవే 2015 చివర్లో అమెరికా చేరి, 2016లో సోచి గుట్టంతా విప్పాడు.) 2018 సెప్టెంబర్‌లో రుసాడా మీద వేటు ఎత్తేస్తూ వాడా ఒక షరతు పెట్టింది, ల్యాబ్ కంప్యూటర్లలోని డేటా అంతా డిసెంబర్ 31కల్లా ఇవ్వాలని. గడువు దాటాక 2019 జనవరిలో ఇచ్చారు. తీరా చూస్తే అందులో చాలా ఫైళ్లు తుడిచేసి ఉన్నాయి, కొన్ని కొత్తగా చొప్పించి ఉన్నాయి. నేరం మొత్తం రోద్చెంకోవ్ మీదికి తోయడానికి అతను డబ్బు గుంజినట్టు దొంగ సందేశాలు కూడా పెట్టారు. అది ఎలా తెలిసిందంటే, అదే డేటాబేస్ కాపీ ఒకటి 2017లోనే లోపలి మనిషి ఒకరి ద్వారా వాడాకి చేరింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు బయటపడ్డాయి. వాడా నాలుగేళ్లు నిషేధం వేసింది, క్రీడా కోర్టు సీఏఎస్ 2020 డిసెంబర్‌లో దాన్ని రెండేళ్లకు తగ్గించింది. ఆ తగ్గింపు నాకు నచ్చలేదు. కానీ అదే డేటా ఆధారంగా 200 మందికి పైగా రష్యన్ క్రీడాకారుల మీద చర్యలు పడ్డాయి.

కాబట్టి ఒక దేశం సహకరించిందా లేదా అన్నది మంత్రుల ప్రకటనలు చూసి చెప్పలేం. సీసాలు ఇచ్చారా, పుస్తకాలు ఇచ్చారా, ఇచ్చినవి చెక్కుచెదరకుండా ఉన్నాయా, అడిగిన తేదీకి ఇచ్చారా? ఇవి చూస్తే తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకో. ఆలస్యమైన ప్రతిసారీ కుట్రే ఉండనక్కర్లేదు. 2006లో స్పెయిన్ పోలీసులు మాడ్రిడ్‌లో ఒక డాక్టర్ దగ్గర 200కి పైగా రక్తం సంచులు పట్టుకున్నారు. సైక్లిస్టుల రక్తం తీసి దాచి, పోటీ ముందు మళ్లీ ఎక్కించేవారు. సంచుల మీద మారుపేర్లే. అప్పటికి స్పెయిన్‌లో డోపింగ్ నేరమే కాదు. 2013లో జడ్జి ఆ సంచులను ధ్వంసం చేయమన్నారు. పై కోర్టు 2016లో కాదు, క్రీడా సంస్థలకు ఇవ్వండని చెప్పింది. పదేళ్లు గడిచిపోయాయి. ఆ రక్తం ఎవరిదో తేలినా చాలామందిని ఏమీ చేయలేని పరిస్థితి. అందుకే నీకు చెబుతున్నా, 'సీజన్ అయిపోయాక చూద్దాం' అనుకోవద్దు.

అనుమానం ఎప్పుడూ నేరం కాదని కూడా నువ్వు తెలుసుకోవాలి. 2021 జనవరిలో చైనాలో 23 మంది స్విమ్మర్లు ట్రైమెటజిడిన్ అనే గుండె మందుకి పాజిటివ్ వచ్చారు. వాళ్లంతా దిగిన హోటల్ వంటగదిలో ఆ మందు ఆనవాళ్లు దొరికాయని, తిండిలో కలిసిందని చైనా సంస్థ తేల్చి ఎవరి మీదా చర్య తీసుకోలేదు. వాడా అప్పీల్‌కి వెళ్లలేదు. ఈ విషయం 2024 ఏప్రిల్ దాకా లోకానికే తెలియదు, ఈలోగా వాళ్లలో కొందరు టోక్యోలో పతకాలు గెలిచారు. తర్వాత విచారించిన స్విట్జర్లాండ్ మాజీ ప్రాసిక్యూటర్ అప్పీల్ చేయకపోవడం సమంజసమేనన్నారు. అయినా ఇప్పటికీ చాలామంది స్విమ్మర్లు నమ్మడం లేదు. అంతా తలుపులు మూసుకుని జరిగింది కాబట్టి ఆ 23 మందిలో ఏ తప్పూ చేయనివాళ్లు ఉంటే వాళ్లకి కూడా మచ్చ పోలేదు. విచారణ సరిగ్గా, బహిరంగంగా జరగడం వల్ల ఎక్కువ మేలు పొందేది నిర్దోషులే. నీ రూమ్‌మేట్ గురించి, ఆ నలుగురి గురించి వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క మాట కూడా రాయొద్దని చెప్పేది అందుకే. నువ్వు చూసింది వేరు, నువ్వు ఊహించింది వేరు. చెప్పాల్సిన చోట, చూసింది మాత్రమే చెప్పు.

ఇక మన దేశం. మన నాడా రుసాడా లాంటిదని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. అలాగని మన ఇల్లు చక్కగా ఉందని కూడా నేను రాయలేను. 2019 ఆగస్టులో ఢిల్లీలోని జాతీయ డోప్ పరీక్షల ల్యాబ్ ప్రమాణాలకు తగ్గట్టు లేదని వాడా గుర్తింపును ఆపేసింది. మళ్లీ 2021 డిసెంబర్‌లో గానీ రాలేదు. ఆ మధ్యకాలమంతా మన శాంపిళ్లు విదేశాలకు పంపాల్సి వచ్చింది. 2022లో డోపింగ్ నిరోధానికి చట్టం చేశారు, నాడాకి సోదా చేసే అధికారం కూడా వచ్చింది. అయితే నాడా మీద ప్రభుత్వ బోర్డు పెత్తనం ఉందని వాడా అభ్యంతరం చెప్పడంతో 2025లో దాన్ని సవరించారు. 2023లో మన దేశంలో 5,606 శాంపిళ్లు తీస్తే 213 పాజిటివ్, అంటే 3.8 శాతం. పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో మనదే అత్యధికం. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీల్లో నాడా వాళ్లు వచ్చారని తెలిసి చాలామంది మాయమైపోతే, పురుషుల 100 మీటర్ల ఫైనల్‌లో ఒక్కడే పరిగెత్తాడు. నువ్వు చూసిన కాలు నొప్పులు ఆ రోజు దేశమంతా చూసింది.

ఇవన్నీ సిగ్గుపడాల్సిన లెక్కలే. కానీ పాజిటివ్‌లు బయటికి వస్తున్నాయంటే ఎవరో పరీక్షిస్తున్నారని, ఫలితం పైకి చెబుతున్నారని కూడా అర్థం. సోచిలో రష్యావాళ్ల ఫలితాలు ఎంత శుభ్రంగా కనిపించాయో గుర్తు చేసుకో.

సరే, ఎవరికి చెప్పాలి? ఒక్కచోటే చెప్పొద్దు. నాడాకి ఫిర్యాదు పంపు. అదే ఫిర్యాదు వాడా 'స్పీక్ అప్' అనే వేదికలో కూడా పెట్టు. అది 2017లో మొదలైంది, యాప్ ఉంది, వెబ్‌సైట్ ఉంది, పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు. నువ్వు అథ్లెట్‌వి కాబట్టి మూడో దారి కూడా ఉంది. మొనాకోలో ఉన్న అథ్లెటిక్స్ ఇంటెగ్రిటీ యూనిట్. అదీ 2017లోనే పెట్టారు, ఏ దేశపు సమాఖ్యకీ లోబడి ఉండదు. మూడుచోట్లా ఒకే ఫిర్యాదు ఉన్నప్పుడు ఒకరు పక్కన పడేస్తే ఇంకొకరు అడుగుతారు. మాస్కో డేటా విషయంలో జరిగింది అదే, రెండో కాపీ ఉంది కాబట్టే మొదటి దానిలో మోసం దొరికింది.

ఏం రాయాలంటే, తేదీ, సమయం, చోటు, ఎవరు ఎవరికి ఇచ్చారు, నువ్వు కళ్లారా చూశావా లేక ఎవరైనా చెప్పారా. 'మా క్యాంపులో అందరూ వాడతారు' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. 'ఫలానా తేదీ సాయంత్రం, ఫలానా గదిలో, లేబుల్ లేని సీసాలోంచి ఫలానా మనిషి ఇంజెక్షన్ ఇవ్వడం చూశాను. ఫలానా మీట్‌లో హీట్స్‌కి ముందు ఈ నలుగురు వెళ్లిపోయారు, వాళ్ల బిబ్ నంబర్లు ఇవి' అని రాస్తే దాంతో ఒక విచారణాధికారి పని మొదలుపెట్టగలడు. ఆ మీట్ స్టార్ట్ లిస్ట్ తీసి, వాళ్ల ఇంటికి చెప్పాపెట్టకుండా టెస్టింగ్‌కి మనిషిని పంపగలడు. కోచ్ పంపిన మెసేజ్‌లు ఉంటే చెరపొద్దు, స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో కాకుండా ఇంకెక్కడైనా దాచు.

ఒక్క పని మాత్రం చేయొద్దు. సాక్ష్యం కోసమని ఆ సీసా గానీ సిరంజి గానీ నీ బ్యాగులో పెట్టుకోవద్దు. నిషేధిత మందు నీ దగ్గర ఉండటమే ఒక నేరం. అలాగే ఎవరైనా 'ఇవి కాస్త బయట పడేసి రా' అంటే చేయి పెట్టొద్దు. తెలిసి దాచిపెట్టడంలో సాయం చేసినా నిబంధన ఉల్లంఘనే అవుతుంది.

టెస్టింగ్ వాళ్లు వస్తే పారిపోవద్దు. తప్పించుకుంటే మందు వాడినట్టే నాలుగేళ్ల వరకు నిషేధం పడుతుంది. ఏ మందూ వాడని నీకు ఆ టెస్టే రక్షణ. కిట్ నువ్వే ఎంచుకో, సీల్ చూసుకో, శాంపిల్‌ని 'ఎ', 'బి' సీసాలు రెండింట్లోనూ నీ చేత్తోనే పోసుకో, సీసా మీద నంబర్, కాగితం మీద నంబర్ ఒకటేనా చూడు. గత వారం రోజుల్లో వేసుకున్న మాత్రలు, దగ్గు మందు, ప్రోటీన్ పౌడర్ అన్నీ రాయించు. ఏదైనా తేడాగా అనిపిస్తే ఫారంలో అభిప్రాయం రాసే చోట రాయి. నీ కాపీ అడిగి తీసుకో.

నీ రూమ్‌మేట్ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆ పిల్ల మీద కోపం పెట్టుకోవద్దు. 17 ఏళ్ల పిల్లకి 'ఇది విటమిన్' అని సూది గుచ్చిన పెద్దవాళ్లదే ఆ పాపం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో గెలిచిన నైజీరియా అమ్మాయికి 16 ఏళ్లే. డోప్ టెస్టులో దొరికితే స్వర్ణం పోయింది. మూడో స్థానంలో ఉన్న మన విజయనగరం జిల్లా అమ్మాయి మత్స సంతోషికి రజతం వచ్చింది. సంతోషికి న్యాయం జరిగిందని అందరం సంతోషించాం, సంతోషించాలి కూడా. కానీ 16 ఏళ్ల పిల్ల చేతికి ఆ మందులు ఎలా వచ్చాయని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. 2021 డిసెంబర్‌లో ఇచ్చిన శాంపిల్‌లో దొరికిన రష్యా స్కేటర్ కమిలా వలియేవాకి అప్పటికి 15 ఏళ్లు. రష్యా సంస్థ ఆమె తప్పేమీ లేదంది, వాడా అప్పీల్‌కి వెళ్లి 2024 జనవరిలో నాలుగేళ్ల నిషేధం వేయించింది. ఆమె చుట్టూ ఉన్న పెద్దవాళ్లలో ఎవరికీ అలాంటి శిక్ష పడలేదు. నాకు అది మింగుడుపడదు.

ఇప్పటి కోడ్‌లో దీనికి కొంత మందు ఉంది. 18 ఏళ్ల లోపు, పెద్ద స్థాయికి వెళ్లని పిల్లల్ని 'రక్షణ పొందే వ్యక్తులు'గా చూస్తారు. వాళ్లకి శిక్ష బాగా తగ్గించే వీలుంది. వాళ్లు దొరికితే వాళ్ల కోచ్, డాక్టర్ల మీద విచారణ తప్పనిసరిగా మొదలుపెట్టాలి. పైగా తమకు ఎవరు ఇచ్చారో చెప్పి విచారణకు గట్టిగా సాయపడినవాళ్లకి నిషేధంలో మూడొంతుల దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఈ మూడు సంగతులూ ఆ పిల్లకి చెప్పు, వీలైతే వాళ్ల అమ్మానాన్నల ముందు చెప్పు. తనంతట తానుగా ముందుకొచ్చి చెబితే దొరికాక చెప్పినదానికంటే ఎంతో నయం. తను ఒప్పుకోకపోతే బలవంతపెట్టొద్దు. నీ ఫిర్యాదులో తన వయసు మాత్రం తప్పకుండా రాయి.

'సాయంత్రానికల్లా సార్‌కి తెలుస్తుంది' అన్న మాట మిగిలింది. పేరు లేకుండా రాస్తే ఆ భయం చాలావరకు పోతుంది. కానీ మీ గదిలో ఉండేది ఇద్దరే అయితే వివరాలు చూసి ఊహించే ప్రమాదం ఉంది. అందుకే ఫిర్యాదు పంపేలోపే నువ్వు క్యాంపు వదిలి ఇంటికి చేరడం మంచిది. జ్వరమనో, ఇంట్లో పెళ్లనో చెప్పి రా. ఒక నెల ప్రాక్టీస్ పోతే పోనీ. మీ జిల్లా కేంద్రంలోనే ట్రాక్ వెతుక్కుని, ఇన్నాళ్లూ రాసుకున్న నీ షెడ్యూల్‌తోనే పరిగెత్తు. కొత్త కోచ్ కుదిరేదాకా అది చాలు.

ఎవరైనా బెదిరిస్తే, 'నోరు మూసుకో, లేకపోతే ఏ మీట్‌లోనూ ఎంట్రీ రాకుండా చేస్తా' అంటే, ఆ బెదిరింపు కూడా 2021 నుంచి డోపింగ్ నేరమే. ఫిర్యాదు చేసినవాళ్లని భయపెట్టినా, కక్ష తీర్చుకున్నా కోచ్‌ని, అధికారిని ఆటనుంచి నిషేధించవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏ మాటలు అన్నారో రాసి, ముందు పంపిన ఫిర్యాదుకే జతచేసి మూడుచోట్లకీ పంపు. స్పీక్ అప్‌లో వాళ్లు తిరిగి అడిగే ప్రశ్నలకు జవాబివ్వాలంటే లాగిన్ వివరాలు కావాలి. అవి క్యాంపు ఫోన్‌లో కాకుండా ఒక కాగితం మీద రాసి మీ నాన్న దగ్గర పెట్టు.